కు.చె.

మాస్టరు పోయిన రోజు మధ్యాహ్నం ఆయన ఇంటి ముందుగదిలో పద్నాలుగు మంది కూర్చుని ఒక్క పేరు కోసం తంటాలు పడుతున్నారు. వీధి చివర హాలు మేనేజరు ఫోన్లో అడిగింది ఒకటే మాట. "రేపు నాలుగింటికి సభ. సరే. కుర్చీలు నూటయాభై. సరే. నడిపించేది ఎవరు? పేరు చెప్పండి, రాసుకోవాలి."

ఆ గదిలో అందరికీ అన్నీ తెలుసు గానీ ఆ ఒక్క పేరు ఎవరికీ తెలియదు. మాస్టరు ప్రార్థనలకీ పూజలకీ వెళ్లే మనిషి కాదు. "ఆయన పని ఆయన చేసుకుంటున్నాడు, నా పని నేను చేసుకుంటున్నాను, మధ్యలో ఒకళ్లనొకళ్లం కదిలించుకోవడం దేనికి?" అనేవాడు దేవుడి గురించి. కాబట్టి కబురు పెట్టి పిలిపించడానికి ఒక పెద్దమనిషంటూ లేడు. ఇంట్లోవాళ్లే ఎవరో ఒకరు నిలబడాలి. పోయినాయన ఎలాంటివాడో నలుగురికీ చెప్పాలి, మాట్లాడేవాళ్లని ఒక్కొక్కరినే పిలవాలి, చివర్లో అందర్నీ లేపి ఒక నిమిషం నిలబెట్టి సాగనంపాలి. "నువ్వు చెయ్యి" అని ఒకరు, "అబ్బే, నాకెక్కడ చేతనవుతుంది, నువ్వే చెయ్యి" అని ఇంకొకరు. ఇలా గంట గడిచింది.

కిటికీ పక్కన పీట మీద కూర్చుని ఒకావిడ ముదురు నీలం కోటు కుట్లు విప్పుతోంది. మాస్టరుకి రేపు తొడిగే కోటు అది. జబ్బులో మనిషి సగమైపోయాడు, కోటు మాత్రం మునుపటిలాగే ఉంది. అందుకని రెండు పక్కలా లోపలికి తీసి కుట్టాలి. ఆ గదిలో మైకు ముందు నిలబడాలన్న కోరిక నిజంగా ఉన్నది ఆవిడ ఒక్కదానికే. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. అడగొచ్చని కూడా ఎవరికీ తోచలేదు.

వీధి వీధంతా ఆవిణ్ణి చేతులక్క అంటుంది. ఒకప్పుడు మాస్టరు టైలరు కొట్లో అయిదుగురు పనిచేసేవాళ్లు. ఎవరు ఏది కుడితే అదే వాళ్ల పేరు. కాలర్లు కుట్టే ముసలాయన కాలరు తాత. గుండీలకి కాజాలు తీసే ఆయన కాజాలన్న. చొక్కాలకీ కోట్లకీ చేతులు అతికే ఈవిడ చేతులక్క. తాత పోయాడు, కాజాలన్న ఊరు మారాడు, మిగతావాళ్లు రెడీమేడ్ ఫ్యాక్టరీల్లో చేరిపోయారు. చివరి పన్నెండేళ్లూ ఆ కొట్లో మిగిలింది రెండు మిషన్లు, ఇద్దరు మనుషులు.

చెయ్యి అతకడం అంత తేలికేమీ కాదు. చంక గుంట చుట్టుకొలత కంటే చేతి చుట్టుకొలత ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంటుంది. ఉండాలి కూడా, లేకపోతే తొడుక్కున్నవాడు చెయ్యి పైకెత్తలేడు. ఆ ఎక్కువంతా ఎక్కడా ముడత కనబడకుండా కుట్టులోకి మింగించెయ్యాలి. దాన్ని చేతులక్క మింగించినట్టు మింగించేవాళ్లు లేరని మాస్టరే ఒప్పుకునేవాడు. ఆవిడ మింగినవి ఇంకా చాలా ఉన్నాయి గానీ, వాటిని మెచ్చుకోవడానికి ఎవరికీ తెలియనివ్వలేదు.

మాస్టరుది పుర్రచేతి వాటం. చిన్నప్పుడు బడిలో ఎడమ చేతి మీద బెత్తంతో కొట్టి కొట్టి విసిగిపోయారట గానీ వాటం మాత్రం మారలేదు. కత్తెర ఎడమ చేత్తో, సుద్ద ఎడమ చేత్తో. ప్రపంచంలో టైలరు సరంజామా అంతా కుడిచేతివాళ్ల కోసం చేసింది కావడంతో ఆయన రోజూ ఏదో ఒక వస్తువుని తిట్టుకుంటూ ఉండేవాడు. ఈవిడ చేరిన మొదటి వారమే తిట్లు తగ్గాయి. ఆయన ఎడమ వైపు నుంచి కత్తిరిస్తుంటే ఈవిడ కుడి వైపు గుడ్డ బిగించి పట్టుకునేది. ట్రయల్‌కి వచ్చిన మనిషికి ఎడమ పక్క ఆయన, కుడి పక్క ఈవిడ ఒకేసారి గుండుసూదులు గుచ్చుకుంటూ వెళ్లేవాళ్లు. ఇద్దరూ వీపు మీదుగా పైకి వచ్చి మెడ దగ్గర కాలరు కింద కలుసుకునేవాళ్లు. ఆ కలుసుకునే చోట వేళ్లు తగిలేవి. ముప్ఫై రెండేళ్లలో ఊళ్లోవాళ్ల మెడలు ఎన్ని వేలో, అన్ని సార్లు తగిలాయి. ఆవిడ ఒక్కదాన్నీ మరిచిపోలేదంటే మీరు నమ్మరు, అయినా అది నిజమే.

అప్పట్నుంచీ ఆయన ఆవిణ్ణి కుడిచెయ్యి అనేవాడు. అందరి ముందూ కాదు, కొట్లో మటుకే. "ఏం కుడిచెయ్యీ, అస్తరు అయిందా?" "కుడిచెయ్యీ, ఈ లావాయన నడుం ఒకసారి చూడు, నేను చూస్తే నవ్వొచ్చేస్తోంది." కొలతల పుస్తకంలో ఎడమ చెయ్యిని ఎ.చె. అనీ కుడి చెయ్యిని కు.చె. అనీ రాయడం ఎలాగూ అలవాటే. పని చీటీల మీద కూడా ఆవిడ పేరు కు.చె. అయి కూర్చుంది. ఆ పుస్తకం వాళ్లిద్దరు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. "ఊరి పొట్టల గుట్టంతా అందులో ఉంది" అనేవాడు మాస్టరు.

మాస్టరుకి భార్య ఉండేది. మంచి మనిషి, కళ్లు కూడా మంచివే. అంటే అన్నీ కనబడేవి. వాళ్ల అమ్మాయి మూడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు కొట్లోకి దిగి వచ్చి, మిషను పక్కన కూర్చుని, చేతులక్కని "పిన్నీ" అని పిలిచింది. పిల్లలు ఆడవాళ్లని పిన్నీ అనడం ఎక్కడైనా ఉన్నదే. తల్లి మాత్రం మెట్ల మీద ఆగిపోయింది. పిన్ని అంటే అమ్మ చెల్లెలూ అవుతుంది, నాన్న చేసుకున్న రెండో ఆవిడా అవుతుంది. "పిన్ని కాదమ్మా, అత్త అనాలి" అంది, నవ్వుతూనే. అత్త అంటే నాన్న తోబుట్టువు. ఒక్క మాటతో, గొంతు కాస్తయినా పెంచకుండా, చేతులక్కని తీసుకెళ్లి మాస్టరుకి చెల్లెల్ని చేసి పెట్టింది. అంత శుభ్రమైన కత్తిరింపు మాస్టరు కూడా ఎన్నడూ కత్తిరించి ఉండడు. ఆ రోజు నుంచి పిల్లకి చేతులక్క 'కొట్టు అత్త'. "కొట్టే అత్త కాదు, కొట్లో అత్త" అని పిల్ల అందరికీ వివరంగా చెప్పేది.

చేతులక్క దానికి కోపం తెచ్చుకోలేదు. ఆ ఇల్లాలు బతికి ఉండగా ఆవిణ్ణి నొప్పించే పని ఒక్కటీ చెయ్యలేదు, మనసులో తప్ప. ఆవిడ పోయి పన్నెండేళ్లయింది. ఆ తర్వాత రెండేళ్లకి ఒక సాయంత్రం మాస్టరు కత్తెర పక్కన పెట్టి, "కుడిచెయ్యీ, నీతో ఒక మాట" అన్నాడు. సరిగ్గా అప్పుడే ఒకాయన ట్రయల్‌కి వచ్చాడు. వచ్చినవాడు వెంటనే పోయాడా అంటే లేదు, ప్యాంటు పొడవు గురించి ముప్పావు గంట మాట్లాడాడు. వాడు వెళ్లాక చేతులక్క, "ఏదో మాటన్నారు" అంది. "ఏం లేదు, తర్వాత చూద్దాం" అన్నాడు మాస్టరు. ఆ తర్వాత అన్నది పదేళ్లు నడిచింది. ఇద్దరికీ నోరు లేదా అంటే ఉంది. గుండీల సైజు మీద గంటసేపు పోట్లాడుకునేంత ఉంది. ఆ ఒక్క మాటకి మాత్రం ఒకరు అడగలేదు, ఒకరు చెప్పలేదు. ఇలాంటివాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆసుపత్రిలో చేర్చిన రోజు నర్సు కాగితం పట్టుకుని, "మీరు ఆయనకి ఏమవుతారు?" అని అడిగింది. చేతులక్క నోరు తెరిచింది. అవడానికి ఏదో ఒకటి కావాలి కదా. భార్య కాదు, చెల్లెలు కాదు, స్నేహితురాలంటే ఈ వయసులో నవ్వుతారు. "వాళ్ల కొట్లో పనిచేస్తాను" అంది. నర్సు ఆ గడి ఖాళీగా వదిలేసి, అమ్మాయి వచ్చాక నింపుకుంది.

మళ్లీ ఆ ముందుగదిలోకి వద్దాం. చేతులక్క పెదాల మధ్య ఆరు గుండుసూదులు పెట్టుకుని కోటు తిరగేసి దులిపింది. లోపలి జేబులోంచి మడత పెట్టిన చీటీ ఒకటి జారి నేల మీద పడింది. పక్కనే కూర్చున్న మాస్టరు అమ్మాయి దాన్ని తీసి విప్పింది. కొట్లో పని చీటీయే, ప్రెస్సులో వేయించినది. మాస్టరు వంకర అక్షరాలతో మూడు వరుసలూ నింపి ఉన్నాయి.

పని: నా సభ నడిపించడం.
ఎప్పటికి: తొందరేం లేదు.
కుట్టేది: కు.చె.

అమ్మాయి పైకి చదివింది. రెండో వరుస దగ్గర ఒకరిద్దరు ఏడుపులోనే నవ్వారు. మూడో వరుస దగ్గర అందరూ ఆగిపోయారు.

"కు.చె. ఏంటి?"

"నేను చెప్తాను," అంటూ లేచింది మాస్టరు చెల్లెలు. ఇంట్లో ఆవిడ పేరు మైకత్త. ఏ వేడుకైనా మైకు ముందుగా ఆవిడ చేతికే వెళ్తుంది, తర్వాత ఇంకెవరికీ రాదు. "కు అంటే కుమార్తె. చె అంటే చెల్లెలు. మనిద్దరం కలిసి నడిపించమన్నాడు! ఇందులో అర్థం కానిదేముంది? నన్ను వెనక వేశాడు, పోనీలే, ఎంతైనా కూతురు కూతురే."

చేతులక్క నోట్లో సూదులున్నాయి. నోట్లో సూదులు ఉన్నప్పుడు మాట్లాడకూడదని కొట్లో మొదటి పాఠం. ఒక్క సూదీ తీయకుండా అలాగే కూర్చుండిపోయింది. ఈ కోటు విప్పేది ఎవరో రాసినాయనకి తెలుసు. చీటీ దొరకాల్సింది తనకే. పదేళ్లుగా ఎదురుచూస్తున్న మాట వచ్చి ఆరడుగుల దూరంలో ఇంకొకరి చేతిలో ఉంది.

చేతులక్క సూదులు తీసి మాట్లాడబోయింది. నిజంగానే తీయబోయింది, చెయ్యి పెదాల దాకా వెళ్లింది. అప్పుడు అమ్మాయి మొహం కనబడింది.

"నిజంగానా అత్తా? నాన్న నా పేరు రాశాడా? ముందు నా పేరే రాశాడా?" అంటోంది అమ్మాయి. అని, ముప్ఫై అయిదేళ్ల మనిషి, అందరి ముందూ చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

దాని కథేమిటంటే, అమ్మాయి నాలుగేళ్ల కిందట ఊరి అవతల రెడీమేడ్ చొక్కాల ఫ్యాక్టరీలో ఒక వరుసకి సూపర్‌వైజరుగా చేరింది. మాస్టరుకి రెడీమేడ్ అంటే పడదు. "చిన్న సైజు, నడిమి సైజు, పెద్ద సైజు! మనుషులు మూడు రకాలేనా పుట్టేది?" అని వీధిలో పోయేవాళ్లని ఆపి మరీ అడిగేవాడు. కూతురు అక్కడ చేరిందని తెలిసిన రోజు, "ఆ గుడ్డ తొడుక్కుని నా గడప తొక్కొద్దు" అన్నాడు. అమ్మాయి కూడా ఆయన కూతురే కదా, తొక్కలేదు. ఫోన్లో బాగున్నావా అంటే బాగున్నాను, అంతవరకే. తను ఆసుపత్రికి వచ్చేసరికి ఆయనకి మాట పడిపోయింది. క్షమించాడో లేదో తెలియకుండానే ఉదయం తండ్రి పోయాడు. ఇప్పుడు ఈ రెండు అక్షరాల్లో ఆ జవాబు దొరికిందని అనుకుంటోంది.

చేతులక్క చెయ్యి కిందకి దించేసింది. ఎవరో హాలుకి ఫోన్ చేసి రెండు పేర్లు చెప్పారు.

కోటు తీసుకుని ఆవిడ కింద కొట్లోకి వెళ్లింది. ఎండ ఇంకా గాజు తలుపు మీదే ఉంది. మాస్టరు బల్ల మీద కత్తెర ఆయన వదిలేసినట్టే ఎడమ వైపుకి తిరిగి ఉంది. ఆవిడ కొలతల పుస్తకం తీసింది. దేనికి తీసిందంటే, సాక్ష్యానికే. అబద్ధమెందుకు చెప్పాలి? పైకి తీసుకెళ్లి అందరి ముందూ బల్ల మీద పెట్టి, "ఇదిగో, కు.చె. అంటే నేను" అందామనే తీసింది.

సాక్ష్యం ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. ఇరవయ్యేళ్ల కిందటి చలికాలం పేజీ. చేతులక్క చలికి వణుకుతూ పని చేస్తోందని మాస్టరు గోధుమరంగు గుడ్డ తీసి, "చెయ్యి చాపు" అన్నాడు. ఊళ్లో అందరి చేతులూ కొలిచిన మనిషి తన చెయ్యి కొలవడం ఆ ఒక్కసారే. భుజం నుంచి మణికట్టు దాకా టేపు నెమ్మదిగా దిగింది. మణికట్టు దగ్గర ఆయన ఎడమ చేతి బొటనవేలు టేపు మీద కాసేపు ఆగింది. కొలతలు రాశాక చూస్తే పేరుండాల్సిన చోట కు.చె. అని ఉంది. "పేరు రాయండి మాస్టారూ" అంది. "రాశాగా" అన్నాడు.

ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని, రేపు మైకు ముందు నిలబడితే ఏం చెప్పేదో మనసులో అనుకుంది. దారపు ముక్కని నోటితో కొరికి తెంపి, ఆ ముక్కని జేబులో వేసుకునేవాడని చెప్పేది. సుద్ద గీత ఒక్క ఊపులో సరిగ్గా వస్తే ముక్కుతో సన్నగా కూనిరాగం తీసేవాడని చెప్పేది. డబ్బున్నవాడి కోటుకీ లేనివాడి కోటుకీ లోపలి కుట్టు ఒకటే వేసేవాడని చెప్పేది. ఇవన్నీ ఆ పైనున్న పద్నాలుగు మందిలో ఒక్కరికీ తెలియవు. ఆయన గురించి తెలిసినదంతా తన దగ్గరే ఉండిపోయింది. ఎవరికైనా చెప్పుకోవాలని ఆవిడకి ఒళ్లంతా తహతహగా ఉంది. ఒక్కటే చిక్కు. ఎన్నిసార్లు అనుకున్నా మొదటి వాక్యం కుదరలేదు. 'నేను ఆయనకి' అని మొదలుపెడితే ఆ తర్వాతి మాట రావడం లేదు.

ఊరికే పేజీలు తిప్పుతూ చివరికి వచ్చింది. ఆఖరున నింపిన పేజీ ఆసుపత్రికి వెళ్లే ముందు వారానిది. ఆవిడ అప్పటిదాకా దాన్ని చూడలేదు.

అమ్మాయి. కోటు. బూడిదరంగు గుడ్డ. కొలతలు పాతవి, మళ్లీ తియ్యాలి. రమ్మనాలి.

రమ్మనాలి అన్న మాట కింద రెండు గీతలున్నాయి. గట్టిగా గీసినవి, కాగితం వెనక తడిమితే వేలికి తగులుతున్నాయి.

చేతులక్క ఆ గీతల్ని ఇంకోసారి తడిమింది. తర్వాత కోటు అంచులో కత్తిరించిన నీలం గుడ్డ పీలిక ఒకటి తీసి ఆ పేజీలో పెట్టింది. లేచి మిషను ముందు కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే అమ్మాయి కోటు కోసం వచ్చింది. ఫ్యాక్టరీ చొక్కా కాకుండా పాత నల్లకోటు వేసుకుంది, తండ్రి కుట్టినదే, బిగుతుగా ఉంది. చేతులక్క ఇస్త్రీ చేసిన నీలం కోటు చేతికిచ్చి, దాని మీద పుస్తకం పెట్టింది.

"ఇదేంటి? దీన్ని ముట్టుకుంటే నాన్న చెయ్యి విరగ్గొడతా అనేవాడు."

"ఇప్పుడేమీ అనడు. గుడ్డ పెట్టిన చోట చూడు. సభలో చదవడానికి పనికొస్తుంది."

అమ్మాయి నిలబడే చదివింది. మళ్లీ చదివింది. ఆ రెండు గీతల మీద వేలు పెట్టింది. తర్వాత పుస్తకాన్ని గుండెకి ఆనించుకుంది. చేతులక్క వెనక్కి తిరిగి, చల్లారిపోయిన ఇస్త్రీపెట్టెని పట్టి చూస్తున్నట్టు నటించింది.

"అత్తా," అంది అమ్మాయి కాసేపటికి. పేజీలు తిరగేస్తోంది. "ఇక్కడ ప్రతి పేజీలో కు.చె. అని ఉంది. ఎ.చె. కూడా ఉంది."

"ఉంటుంది మరి. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి."

"మరి చీటీలో?"

"చీటీలో చొక్కా లేదుగా. మీ మేనత్త చెప్పింది నిజమే. కుమార్తె, చెల్లెలు." చేతులక్క గొంతులో ఎక్కడా ముడత లేదు.

అమ్మాయి ఆవిడ మొహంలోకి చూసింది. "నాన్న నిన్నేమని పిలిచేవాడు?"

"పిలవడమేముంది. ఉన్నది ఇద్దరం. మాట వినిపిస్తే నాకేనని తెలిసేది."

అమ్మాయి కోటూ పుస్తకమూ పట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది. అమ్మాయి వెళ్లిన చాలాసేపటికి గానీ ఆ పుస్తకంలో ఇరవయ్యేళ్ల కిందటి పేజీ కూడా ఉందని చేతులక్కకి తట్టలేదు. నిజంగా మరిచిపోయిందా, మరిచిపోవాలనే మరిచిపోయిందా అంటే నేను చెప్పలేను. ఆవిడ కూడా చెప్పలేదు.

నాలుగింటికి హాలు నిండింది. ఊళ్లో సగం మంది మాస్టరు కుట్టిన కోట్లలోనే వచ్చారు. కొందరికి గుండీలు పట్టడం లేదు. చేతులక్క తన గోధుమరంగు కోటు వేసుకుని అయిదో వరుసలో గోడ పక్క కుర్చీలో కూర్చుంది. ఎదురుగా పెట్టెలో మాస్టరు, నీలం కోటులో. కోటు ఇప్పుడు సరిగ్గా ఉంది.

ముందు మైకత్త లేచింది. అన్నయ్య గొప్పతనంతో మొదలుపెట్టి, అన్నయ్య తనని ఎంత ముద్దు చేసేవాడో చెప్పి, తను బడిలో గెలిచిన బహుమతుల దాకా వెళ్లి, ఇరవై అయిదు నిమిషాల తర్వాత మంచినీళ్లు తాగడానికి ఆగింది. ఆ సందులో అమ్మాయి మైకు తీసుకుంది. అమ్మాయి చేతిలో కొలతల పుస్తకం ఉంది.

"మా నాన్నా నేనూ నాలుగేళ్లు సరిగా మాట్లాడుకోలేదు," అంది. "మీ అందరికీ తెలుసు, ఆయన వీధంతా చెప్పాడు కదా." కొందరు నవ్వారు. అమ్మాయి నీలం పీలిక పెట్టిన పేజీ తెరిచి చదివింది. రమ్మనాలి అన్న దగ్గర ఆగింది. నీళ్లు తాగి మళ్లీ చదివింది.

"ఈ పుస్తకం మధ్యాహ్నం దాకా చూశాను. ఇందులో నా కొలతలు ఇరవై రెండు చోట్ల ఉన్నాయి. ఇరవై రెండు చోట్లా అమ్మాయి అనే ఉంది. మా నాన్న నన్ను ఎప్పుడూ కుమార్తె అనలేదు. కుమార్తె అనేది ఆఫీసు కాగితాల్లో మాట."

"అయితే చెల్లెలు?" అంది ముందు వరుసలోంచి మైకత్త, కాస్త కంగారుగా.

"నిన్నెప్పుడైనా చెల్లెలా అని పిలిచాడా అత్తా?"

మైకత్త ఆలోచించింది. "చిట్టీ అనేవాడు," అంది. అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ మైకు లేకుండా మాట్లాడటం, మాట్లాడి మధ్యలో ఆగిపోవడం అక్కడున్నవాళ్లు చూడటం అదే మొదటిసారి.

అమ్మాయి వెనక్కి, ఎక్కడో పాత పేజీల్లోకి తిప్పింది. "పేరు రాసే చోట కు.చె. అని ఉన్నది ఒక్క పేజీలోనే. ఆడవాళ్ల కోటు, గోధుమరంగు. ఆ కోటు ఇప్పుడు ఈ హాల్లోనే ఉంది."

చేతులక్క తల దించుకుంది. దించుకుంటే తన మోచేతులే కనబడ్డాయి, గోధుమరంగువి, ఇరవయ్యేళ్లకి నూలు తేలినవి.

"పొద్దున నాతో అబద్ధం చెప్పావు," అంది అమ్మాయి. మైకు పక్కకి జరిపేసింది, అయినా హాలంతా వినబడింది. "నాకోసమే చెప్పావు. నాకు కావలసింది నాకు దొరికింది. చీటీలో పని నీది. వచ్చి చెయ్యి, పిన్నీ."

పిన్నీ. ముప్ఫై రెండేళ్ల కిందట మెట్ల మీద ఆగిపోయిన మాట.

చేతులక్క లేచింది. నడుస్తోందని తనకి తెలియలేదు గానీ, కుర్చీలవాళ్లు కాళ్లు తీసి దారి ఇస్తుంటే తెలిసింది. ముందుకి వెళ్లి, అలవాటు కొద్దీ ఆయనకి కుడి పక్కకే వెళ్లి నిలబడింది. దారపు ముక్కలు, కూనిరాగం, లోపలి కుట్టు, అనుకున్నవన్నీ గుర్తొచ్చాయి. వినాల్సిన ఒక్క మనిషికీ వినబడదన్నది కూడా గుర్తొచ్చింది. అవతలి పక్క, ఎడమ పక్క, ఎవరూ లేరు. ఆ ఖాళీ వైపు ఒకసారి చూసింది. మొదటి వాక్యం అక్కడే దొరికింది.

"మా మాస్టారిది పుర్రచెయ్యి. అది మీ అందరికీ తెలుసు," అంది. "కుడిచెయ్యి నేను."